గీతను తాకని లెక్క

"ఆగు. ఆడనే ఆగు. ఇప్పుడేమన్నవ్, మళ్ళ అను."

"ఎక్స్ ప్లస్ రెండు, ఎక్స్ ప్లస్ నాలుగు అన్నానత్తయ్యా."

"ప్లస్."

"ప్లస్సే కదా... రెండు నాలుగులు ఎనిమిది."

"రెండు నాలుగులు ఎనిమిదని సంతల ఉల్లిగడ్డలు అమ్మెటోళ్ళు గూడ చెప్తరు. దానికి బీయెస్సీ ఎందుకు, బీయెడ్ ఎందుకు?"

పినపాకలో మే నెల మధ్యాహ్నం. వంటింటి ముందు బండల మీద అత్తా కోడళ్ళు చింతపండు గింజలు తీస్తున్నారు. మర్నాడు పొద్దున మిషన్ బడిలో, సెలవులకి ఊళ్ళోనే ఉన్న పిల్లల ముందు, కోడలు జెస్సికా పదో తరగతి పాఠం ఒకటి చెప్పి చూపించాలి. నచ్చితే ఉద్యోగమిస్తారు. అత్త లిదియా పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ ఆ బడిలోనే లెక్కల టీచరు.

"మొత్తం సదువు. ఏమున్నది సమీకరణం?"

"ఎక్స్ స్క్వేర్ మైనస్ ఆరు ఎక్స్ ప్లస్ ఎనిమిది."

"నడుమ ఏమున్నది?"

"మైనస్ ఆరు."

"నీ రెండు, నీ నాలుగు కలిపితె ఎంత?"

"ఆరు."

"మైనస్ ఆరా, వట్టి ఆరా?"

"వట్టి ఆరే."

"మరి ఆ మైనస్ ఏడికి పోయింది? రైలెక్కి ఎర్రుపాలెంల మీ తల్లిగారింటికి పోయిందా?"

"రెండింటికీ మైనస్ పెట్టాలి. మైనస్ రెండు, మైనస్ నాలుగు. గుణిస్తే ఎనిమిదే వస్తుంది, కలిపితే మైనస్ ఆరు వస్తుంది."

"ఇప్పుడొచ్చిందా? నేను గిచ్చితెగాని రాదా? రేపు గిచ్చనీకి నేనుండ. చెయ్యి ఆపకు, గింజ తియ్యి. నోటితోటి లెక్క చెప్పు, చేతితోటి పని చెయ్యి. పొయ్యి మీద పప్పు పెట్టి పేపర్లు దిద్దిన దాన్ని నేను."

"రేపు మీరు రారా అత్తయ్యా?"

"నేనెందుకొస్త? కోడలికి సిఫార్సు చెయ్యనీకి వచ్చిందని నలుగురు అనుకోవాల్నా? అయ్యగారు గూడ రమ్మనలే."

"అయ్యగారు మీతో ఏమీ అనలేదా?"

"ఏమనాలె?"

"ఏం లేదు. ఊరికే అడిగా."

"ఆయనేమంటడు. ఆదివారం ప్రసంగం చెప్పుమంటె చెప్తడు, మంచిగనే ఏడిపిస్తడు. కరస్పాండెంట్ కుర్చీల కూసోని బడి నడుపుమంటె ఆయనతోటి కాదు. మొన్న స్టాఫ్ మీటింగుల అంటడు, పిల్లలను ప్రేమతోటి గెలవాలె అని. ప్రేమతోటి గెలిస్తె మైనస్ గుర్తు వస్తదా? నీకు నీ మొగడు ప్రేమ తక్కువ చేసిండా, నీకొచ్చిందా?"

"వచ్చింది కదత్తయ్యా ఇప్పుడు."

"గిచ్చితె వచ్చింది. ఇగ గీయి. ఆ చాక్‌పీసు అందుకో. బండల నడుమ ఈ నల్లగీత ఉన్నది చూడు, ఇది ఎక్స్-అక్షం. గడప కాడికెళ్ళి వచ్చేది వై. ఒక్కో బండ ఒక్కో అంకె. చింతగింజలు పెట్టు, చుక్కల బదులు."

"గింజలతోనా?"

"మీ తెల్లకాగితాలు, గ్రాఫులు ఏడికెళ్ళి తేవాలె? పెట్టు. గీతను ఏడేడ కోస్తది?"

"రెండు దగ్గర, నాలుగు దగ్గర. ఇదిగో, ఇక్కడొకటి, ఇక్కడొకటి."

"శీర్షం ఏడుంటది?"

"రెండిటికీ సరిగ్గా మధ్యన. మూడు దగ్గర."

"మూడు దగ్గర ఎంత కిందికి?"

"మూడు మూళ్ళు తొమ్మిది. ఆరు మూళ్ళు పద్దెనిమిది. తొమ్మిదిలోంచి పద్దెనిమిది తీస్తే మైనస్ తొమ్మిది. ఎనిమిది కలిపితే మైనస్ ఒకటి. గీతకి ఒక బండ కింద."

"పెట్టు. ఒకటి కాడ?"

"మూడు బండలు పైకి. ఐదు దగ్గరా మూడే."

"ఇగ కలుపు... ఏంది గది? గట్ల గీస్తరా?"

"ఏమైందత్తయ్యా?"

"స్కేలు పెట్టినట్టు కిందికి గీస్తివి, స్కేలు పెట్టినట్టు పైకి గీస్తివి. కింద బాణం మొన తీరు ఉన్నది. అది పరావలయమా, పంది ముట్టెనా? అన్నం బొచ్చె అడుగు చూడలేదా ఎన్నడు? నిమ్మలంగ దిగాలె, నిమ్మలంగ తిరగాలె. తిరిగే కాడ మొన ఉండదు. చెరుపు. మళ్ళ గీయి."

"ఇలాగా?"

"గట్ల. అది మనుషులు గీసినట్టున్నది."

"నిజంగా బాగుందా?"

"బాగున్నదని నేనన్ననా? మనుషులు గీసినట్టున్నది అన్న. ఇంకోటి చెయ్యి. ఎక్స్ స్క్వేర్ ప్లస్ రెండెక్స్ మైనస్ ఎనిమిది."

"ప్లస్ రెండు... మైనస్ నాలుగు."

"కలిపితె?"

"మైనస్ రెండు."

"లెక్కల ఏమున్నది?"

"ప్లస్ రెండు. తిరగేసి చెప్పాను. ప్లస్ నాలుగు, మైనస్ రెండు."

"ఆగు. ఇటు చూడు. నా మొకం చూసి చెప్పు."

"ఏంటత్తయ్యా?"

"నిన్న ఎదురింటి బ్లెస్సీకి ట్యూషన్ చెప్తుంటివి. నేను బట్టలు ఆరేస్తున్న. గిసుంటి లెక్కలే, తడుముకోకుంట చెప్పినవ్. మైనస్‌లు గియినస్‌లు ఏడ ఉండాల్నో ఆడనే ఉన్నయి. ఇయ్యాల ఏమైంది నీకు?"

"మీ ముందు భయమేస్తుంది."

"భయపడే మొకమేనా అది. మా బెన్నీని పెండ్లి చూపుల్ల నిలబెట్టి నువ్వే పది ప్రశ్నలు అడిగితివి."

"అత్తయ్యా, నేను రేపు వెళ్ళకపోతే ఏమవుతుంది?"

"ఎందుకు పోవు?"

"సరిగ్గా రావట్లేదు కదా. మీరే అంటున్నారు. మీరు వద్దంటే మానేస్తాను."

"బీయెడ్ చదివి ఇంట్ల కూసోని చింతగింజలు తీస్తవా జన్మంత? రెండేండ్ల నుంచి తీస్తనే ఉన్నవ్, అదన్న సక్కగ వస్తదా అంటె సగం గింజలు పండులనే ఉంటయి. పోతవ్. పొయ్యి చెప్తవ్. లిదియా టీచర్ కోడలికి గుర్తులు తెల్వవని ఊరంత చెప్పుకుంటె నేను బజార్ల తిరగాల్నా వద్దా?"

"సరే."

"అయిన ఎంత పెద్ద పదవని భయపడుతున్నవ్. గోపాలుకు డీఎస్సీల చర్ల దిక్కు పోస్టింగు వచ్చింది, వాడు పోయిండు. వాని జాగ నీకు. ఆరో తరగతి. భిన్నాలు, దశాంశాలు. దానికి నువ్వే ఎక్కువ."

"ఆరో తరగతికైతే పదో తరగతి పాఠం ఎందుకు చెప్పమంటారు?"

"అందరినీ గట్లనే అడుగుతరు. నన్ను గూడ అడిగిండ్రు. పెద్ద గంజు తోమేటిది చిన్న గిన్నెలు తోమదా అని. మీ మామ బతికున్నప్పుడు నా డెమో గురించి చెప్పెటోడు, బయట కిటికీ కాడ నిలబడి విన్నడట. పిల్లలు ఊపిరి తియ్యలేదంట, బయటున్న ఆయనకు గూడ భయమైందంట."

"పిల్లలు భయపడితే మంచిదా అత్తయ్యా?"

"ఇదే, అయ్యగారి గాలి నీకు గూడ సోకింది. ఇగో, పాఠం చెప్పు. నేను పిల్లను. వెనక బెంచీల కూసున్న. అడుగుత, నువ్వు చెప్పు."

"మీ పేరేంటని పిలవను?"

"పేరెందుకు? పేర్లు పెట్టి పిలిస్తె నెత్తికెక్కుతరు. నెంబరుతోని పిలువు. నేనెన్నడు పేరు పెట్టి పిలువలే. పద్నాలుగు, లే. ఇరవై, బోర్డు కాడికి రా. గట్ల."

"సరే. పద్నాలుగు, అడగమ్మా."

"అమ్మా గిమ్మా వద్దు. టీచర్, శీర్షం అంటె ఏంది?"

"వంపు తిరిగే చోటు. కిందికి దిగుతూ వచ్చిన గీత ఇక దిగకుండా పైకి తిరిగే చోటు."

"అది నడుమనే ఎందుకుంటది?"

"ఎటు చూసినా రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి. మడతపెడితే ఈ సగం ఆ సగం మీద పడుతుంది. అందుకని కోసిన రెండు చోట్లకీ సగం దూరంలో ఉంటుంది."

"ఊ. తిక్కపిల్ల తీరు చెప్పినవ్ గాని తప్పు లేదు."

"అత్తయ్యా, ఒకటి అడగనా? కోయకపోతే?"

"ఏంది కోయకపోతె?"

"ఎక్స్ స్క్వేర్ మైనస్ నాలుగెక్స్ ప్లస్ ఐదు. గుణిస్తే ఐదు రావాలి, కలిపితే మైనస్ నాలుగు రావాలి. అలాంటి అంకెలు లేవు."

"లేవు. దానికి కారణాంకాలు రావు. వదిలెయ్యి."

"పిల్లలెవరైనా అడిగితే?"

"సూత్రం ఉన్నది గద. మైనస్ బి బై టూ ఏ. వేసుకొమ్మను, రెండు వస్తది. ముగిసె."

"కానీ మనం వాళ్ళకి కోసిన రెండు చోట్లకీ మధ్య అని చెప్పాం. ఇది గీతని అసలు తాకనే తాకదు. మరి మధ్య అంటే దేని మధ్య అని అడిగితే..."

"ఎవరడుగుతరు గట్ల?"

"ఎవరైనా. చూడండి, ఒకటి దగ్గర రెండు బండలు పైకి వచ్చింది. ఇక్కడో గింజ. మూడు దగ్గర కూడా రెండే బండలు. ఇక్కడో గింజ. ఇక సున్నా దగ్గర..."

లిదియా చీపురు తీసి గింజల్ని ఒక్క తోపుతో మూలకు నెట్టింది.

"ఇది పరీక్షల రాదు. రాని దానికి టైమెందుకు? గిట్లనే అడిగింది ఒకతి, హాస్టల్ పిల్ల. నోట్లె మాట తిరగదు, ఇంట్ల వాళ్ళ భాష తప్ప తెల్వదు, నాకు అడ్డం మాట్లాడుతది. దేని నడుమ టీచర్, దేని నడుమ టీచర్ అని. సూత్రం వెయ్యె అంటె వెయ్యది. నిలబడ్డది గుంజ తీరు."

"మీరేమన్నారు?"

"ఏమంట. ఇప్పపూలు ఏరుకునేటోళ్ళకు నడుమ ఎందుకు, చివర ఎందుకు, పొయ్యి ఏరుకో అన్న. క్లాసంత నవ్విండ్రు. బయట నిలబెట్టిన. తెల్లారి నుంచి రాలే. పీడ పోయింది."

"ఆ అమ్మాయి పేరు బాలి."

"ఏమో. పద్నాలుగు."

"బాలి అత్తయ్యా. ఇప్పుడు తునికాకు కోతకి పోతుంది. మళ్ళీ బడికి రానందంట."

"నీకెట్ల తెలుసు?"

"నాగక్క చెప్పింది."

"ఏ నాగక్క?"

"ఈ చింతపండు తెచ్చిన నాగక్క. పొద్దున మన గడప దగ్గర కూర్చుని మంచినీళ్ళడిగింది కదా. ప్రతి ఏడూ ఆమె దగ్గరే కదా తీసుకుంటారు. బాలి వాళ్ళమ్మ ఆమె."

"చింతపండు ఆమెనా?"

"అవునత్తయ్యా."

"నాకెన్నడు చెప్పలే."

"మీరు ఎప్పుడైనా అడిగారా?"

"నేనెందుకడుగుత? పండు మంచిగున్నదా లేదా చూస్త. అందరి చుట్టరికాలు అడుక్కుంట కూసోవాల్నా? ఇయ్యాల తలకాయ ఎత్తకపోయినప్పుడే అనుకున్న, దీనికేమో అయిందని. నీతోటి చెప్పుకొని ఏడ్చిందా?"

"ఏడవలేదు. అయ్యగారి దగ్గరికి వెళ్ళానని చెప్పింది."

"ఎప్పుడు?"

"ఈస్టరు అయ్యాక. ఆయన ఇంటి ముందు పొద్దంతా కూర్చుందంట. తెలుగులో సరిగ్గా చెప్పలేక, నేల మీద గీసి చూపించిందంట, బాలి తనకి చూపించినట్టు. అయ్యగారికి ఆ లెక్క అర్థం కాలేదు కానీ ఆమె ఎందుకొచ్చిందో అర్థమైంది."

"ఆయనకేం అర్థమైతది. మన సూత్రమంటె ఆయనకు పది ఆజ్ఞలే. గందుకేనా స్టాఫ్ మీటింగుల ప్రేమ ప్రేమ అని నా దిక్కు చూసుకుంట అన్నడు."

"అత్తయ్యా, రేపు నన్ను చెప్పమన్న పాఠం ఇదే."

"ఏది?"

"మైనస్ నాలుగెక్స్ ప్లస్ ఐదు. బాలి అడిగిన లెక్కే. అది చెప్పు, పిల్లలకి అర్థమైతే చాలన్నారు అయ్యగారు."

"గంతసేపటి నుంచి ఆరు, ఎనిమిది అని నాతోటి ఒర్రిపించినవ్. ముందే ఎందుకు చెప్పలే?"

"చెబుదామనే అనుకున్నా."

"ఆరో తరగతి చెప్పేదానికి ఈ పెద్ద పరీక్షెందుకు?"

"గోపాలు సారు జాగా ఎప్పుడో ఇచ్చేశారత్తయ్యా. శారద గారికి. ఆమె జూన్‌లో చేరుతుంది."

"మరి నీకేం జాగ ఉన్నది?"

"పదో తరగతి లెక్కలు."

"పదో తరగతి నాది."

"తెలుసత్తయ్యా."

"నేనుండంగ నీకెట్ల ఇస్తరు?"

"ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారే మీకు చెప్తానన్నారు. మిమ్మల్ని లైబ్రరీ చూసుకోమంటారంట."

"లైబ్రరీ."

"అలా అన్నారు."

"రెండు బీరువలు. ఒకదాని తాళం రాదు. ఇంకోదాన్ల బైబిల్ కథలు, బొద్దింకలు. దాన్ని చూసుకోనీకి నేను."

"నాకు ఇష్టం లేదని చెప్పానత్తయ్యా."

"చెప్పి, వచ్చి నా ముందల కూసున్నవ్. నా జాగల కూసోనీకి నాతోటే దిద్దించుకుంటున్నవ్."

"నేను అడగలేదు. అన్నం తినగానే మీరే రమ్మన్నారు. చాక్‌పీసు తెమ్మన్నారు."

"గందుకేనా తప్పులు చేసినవ్? వచ్చి చేసినవ్ గద, రాక కాదు. నాకు తెలుసు."

"నీతో కాదు, వెళ్ళొద్దు అంటారనుకున్నా. మీరు ఆ మాటంటే మా అత్తయ్య వద్దన్నారని అయ్యగారికి చెప్పి ఊరుకుందామనుకున్నా. మీరెంత తిట్టినా ఆ ఒక్క మాట అనలేదు."

"నా నోటితోటి అనిపించి నువ్వు మంచిదానివైతవ్. పిరికిదానివి నువ్వు. తప్పుడు గుర్తు పెట్టి తప్పించుకుందామనుకున్నవ్. నా కాడ సదివిన మొద్దు మొకాలు గూడ గంత పని చెయ్యలే, రాక తప్పు చేసిండ్రు గాని వచ్చి చెయ్యలే."

"అవునత్తయ్యా."

"అవునత్తయ్యా, అవునత్తయ్యా. ఇప్పుడు చెప్తున్న విను. పోవద్దు. ఇగ మానేస్తవా?"

జెస్సికా ఒక గింజ తీసి పక్కన పడేసింది.

"నిన్నే అడుగుతున్న."

"ఇందాక అనుంటే మానేసేదాన్నే. ఇప్పుడు మాననత్తయ్యా."

"ఇప్పుడేమైంది?"

"మీరు బాలి పేరు కూడా ఎత్తలేదు. నాగక్కని పొద్దున అడిగా, పిల్లని మళ్ళీ పంపమని. లిదియా టీచర్ ఉంటే పంపనంది. నేను చెప్తే ఆలోచిస్తానంది. బడి తెరిచిన రోజు తీసుకొచ్చి వెనకాల నిలబడతానంది, నేనేం చెప్తానో తనూ వింటానంది."

"చింతపండు ఆమె వింటదా? నీ పాఠం?"

"నాగక్క వింటుంది."

"విని ఏం తెలుసుకుంటది?"

"తన కూతురు అడిగింది పిచ్చి ప్రశ్న కాదని."

బయట ఎవరో సైకిలు మీద పోతూ బెల్లు కొట్టారు. లిదియా చాటలోని చింతపండును ముద్దగా నొక్కింది, మళ్ళీ విడదీసింది.

"రేపు అయ్యగారు ముందల కూసుంటడు. నువ్వేం గీసినా తల ఊపుతడు, ఆయనకు రాదు గనుక. తోటి టీచర్లు ఊపుతరు, నువ్వు నా కోడలివి గనుక. వాళ్ళు ఊపిండ్రని సంబరపడకు."

"సరే."

"బడి తెరిచినంక ఆ పిల్ల వస్తె, తల ఊపది. మొండిది. సూత్రం చూపిస్తె తీసుకోది. మళ్ళ అడుగుతది. నువ్వు ఇందాక ఒకటి కాడొకటి, మూడు కాడొకటి గింజ పెట్టి ఏమో చెప్పబోయినవ్."

"మీరు ఊడ్చేశారు."

"ఊడ్చిన. సూత్రం ఉండంగ ఈ గింజల ఆట ఎందుకని ఊడ్చిన. నీ గొంతు గూడ సన్నగ ఉన్నది, వెనక బెంచీకి వినబడది. బోర్డు దిక్కు తిరిగి మాట్లాడకు, పిల్లల దిక్కు తిరుగు. కొంగు దోపుకో. నిటారుగ కూసో."

"ఎందుకత్తయ్యా?"

లిదియా లేచి మూలకు వెళ్ళింది. తాను చెదరగొట్టిన గింజల్ని ఒక్కొక్కటే ఏరి దోసిట్లో తెచ్చి కోడలి ముందు బండ మీద పోసింది. తర్వాత కాస్త వెనక్కి జరిగి, గోడకు ఆనుకుని, కాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

"నా పేరు బాలి. ఇది గీతను తాకనే తాకలే గద. మరి నడుమ అంటె దేని నడుమ, టీచర్?"